ఫారాలు మార్చుకున్న ఏడు

లాల్బీ రిటైరయినంక పదిరోజులు ఉండిపోతనని జనగామకు మా ఇంటికొచ్చింది. వచ్చిన నాడు చాయ్ తాగింది, తానం చేసింది, సంచిలకెల్లి బీపీ మిషన్ తీసి మా ఆయన చేతికి పట్టీ చుట్టింది. తెల్లారి పక్కింటామె వంతు, మూడోనాటికి గల్లీల సగం మంది వంతు. పొద్దుగాల పది కొట్టేసరికి మా వాకిట్ల బెంచీ మీద ముసలోళ్లు, బాలింతలు వరుసగ కూసుంటున్నరు. లాల్బీ ఒకామెను ఉప్పు తగ్గియ్యమని గదుముతది. ఒకాయన కాలి పుండు చూసి, "ఇయ్యాలనే దవాఖానకు పో. రేపంటె ఊకోను" అని బెదిరిస్తది. నేను అదే వాకిట్ల ఇంకో మూలకు కూసోని, ఎదురింటి పిల్లకు భిన్నాలు చెప్తున్న. జొన్నరొట్టెను నాలుగు తుంటలు చేసి చూపిచ్చుడు అది ఐదోసారి. ఆ పిల్ల తల్లి మా ఇద్దరి దిక్కు మార్చి మార్చి చూసి, "అమ్మా, మీరు పుట్టుడే ఒకరు నర్సు, ఒకరు టీచరు అయి పుట్టిన్రా ఏంది?" అన్నది.

మేమిద్దరం ఒకరి మొకం ఒకరు చూసుకొని నవ్వుడు మొదలువెట్టినం. ఆపుదామంటె ఆగలేదు. లాల్బీ కండ్లద్దాలు తీసి కొంగుతోని తుడుసుకున్నది. పాపం ఆ తల్లి ఏం తప్పు మాట్లాడిన్నో అని పరేషానయింది. ఎందుకు నవ్వినమంటె, మేము ఇంటర్ పాసయిన ఏడు మా ఇంటికొచ్చిన ఫారాల మీద నర్సు అని రాసి ఉన్నది నాకు, టీచరు అని రాసి ఉన్నది లాల్బీకి.

మాది కేసముద్రం. దూదేకులోళ్లం. ఇంట్ల తెలుగే మాట్లాడుతం, బజార్ల సాయిబులతోని ఉర్దూ కలుపుతం. మార్కెట్ యార్డుకు ఎనుక గల్లీల రెండర్రల పెంకుటిల్లు, ముంగట పెద్ద పందిరి. ఆ పందిరి కిందనే బాపు దూది ఏకేది. మనిషంత పొడుగు విల్లు పైనుంచి ఏలాడుతుంటది. దానికి నరంతోని పేనిన తాడు బిగిచ్చి ఉంటది. కట్టె గూటంతోని ఆ తాడును కొడ్తుంటె టంయ్ టంయ్ అని సప్పుడొచ్చి, గడ్డకట్టిన పాత దూది పొగలెక్క పైకి లేస్తది. ఆ సప్పుడు మాకు నిద్రలేపే గడియారం. అది ఆగితెనే అందరం తలెత్తి చూసేది. మా అన్నంల దూది, మా జడలల్ల దూది, బడికి పోతె మా పుస్తకాలల్ల దూది. వానకాలం పత్తి గింజల నూనె వాసన, యార్డుల మిరపకాయల ఘాటు, అమ్మ సర్వపిండి మీద మూత తీసినప్పుడు వచ్చే నువ్వుల వాసన, అన్నీ కలిసి ఒక్కటే వాసన మా ఇంటిది. ఇప్పటికీ ఎక్కడన్న కొత్త మెత్త మీద తలవెడితె నాకు ఆకలయితది.

బాపు తల్లిని మేము అవ్వ అనేది. అవ్వకు కండ్లు సగమే కనవడేటియి గని ముక్కు మాత్రం పోలీసు ముక్కు. ఎవరన్న పాత పరుపు ఏకనీకె తెస్తె, అవ్వ పిడికెడు దూది తీసి వాసన చూసేది. "ఈ ఇంట్ల పసిపిల్ల ఉన్నది." "ఈయనకు నెలరోజుల సంది జెరం." "ఈమె రోజూ నెత్తికి కొబ్బరినూనె పెడ్తది, మెత్త గుడ్డ మాత్రం ఉతకది." పరుపు తెచ్చినోళ్లు సిగ్గుతోని నవ్వేది. అమ్మ దబ్బనం పట్టుకొని పరుపులకు టాకాలేసేది. నాకు ఆ పని ఇష్టం. ఒక రజాయి కుట్టనీకె నాలుగు రోజులు పట్టినా, కుట్టు పక్కన కుట్టు, వరుస పక్కన వరుస పోతుంటె నాకు పొద్దు తెల్వకపోయేది. లాల్బీ రెండు వరుసలకే దబ్బనం పడేసి బాపు దగ్గర గూటం గుంజుకునేది. దూది లేసుడు చూడాలె దానికి. ఇప్పుడు కొడితె ఇప్పుడే లేవాలె.

లాల్బీ మా పెద్దబాపు బిడ్డ. పెద్దమ్మ దాన్ని కన్నంక వారానికే పోయింది. పెద్దబాపు యార్డు లారీ నడుపుకుంట నెలకోసారి ఇంటికొచ్చేటోడు. నాకూ దానికీ మూడు నెలల తేడా. ఇద్దరం మా అమ్మ పాలే తాగినం, ఒక్క పలకనే పంచుకున్నం, ఒక్క చెప్పుదెబ్బనే చెరిసగం తిన్నం. నేను నెమ్మది. మాట పైకి రాదు. అది మాట్లాడితె రైల్వే గేటు కాడికి వినవడ్తది. అందుకే మా హెడ్మాస్టర్ సారు, మంచి మనిషి, మేము ఇంటర్ పాసయినమని తెలిసి ఇంటికొచ్చి, పందిరి కింద నులకమంచం మీద కూసోని బాపుకు చెప్పిండు: "జాన్‌బీది మెత్తటి గుణం. రోగుల దగ్గర ఓపికతోని ఉంటది, నర్సు ట్రెయినింగుకు పంపు. లాల్బీ గొంతు పెద్దది, పిల్లల్ని అదుపుల పెడ్తది. టీచరు ట్రెయినింగుకు పంపు. ఫారాలు నేనే నింపిన. నువ్వు సంతకం చేస్తె చాలు."

బాపు చేతులు జోడిచ్చిండు. మమ్మల్ని ఎవ్వరూ అడగలేదు. అడిగినా ఏం చెప్పేటోళ్లమో తెల్వదు. చిన్నప్పటిసంది ఊరందరూ "మెత్తటి పిల్ల" అంటుంటె, మెత్తగుంటె నర్సే కావాలె కాబోలు అని నేనూ అనుకున్న. ఒక్క సంగతి మాత్రం కడుపుల దాసుకున్న. నెత్తురు చూస్తె నాకు కాళ్లు నిలవయి. ఎదుటోళ్లు మూల్గుతుంటె నా పాణం పోయినట్టే ఉంటది. చెప్తె ఫారం చింపేస్తరేమో, మళ్ల అవకాశం రాదేమో అని బుగులు. సీటు రాకుంటె వచ్చే ఎండకాలం ఇద్దరికీ పెండ్లిళ్లు చేస్తనని పెద్దబాపు ముందుగాలనే చెప్పిపెట్టిండు.

ఫారాలు అల్మారిల ఉన్నయి. వారంల గడువు. ఆ మధ్యలనే ఒకనాడు పొద్దుగాల విల్లు తాడు తెగింది. టంయ్ అనే సప్పుడుకు బదులు ఛెళ్లుమన్నది. తెగిన కొస బాపు కుడిచేతి మీద కొరడలెక్క పడ్డది. మోచేతి నుంచి మణికట్టు దాక చీరుకపోయి, తెల్లటి దూది కుప్ప మీద ఎర్రగ కారవట్టింది. నేను పక్కనే ఉన్న. "బాపూ" అని అరిచిన అనుకున్న గని నోరు పెగలలేదట. గోడ పట్టుకొని కూలవడి కక్కుకున్న. లాల్బీ ఇంట్లకెల్లి ఉరికొచ్చింది. ఉతికిన పరుపు గుడ్డ పర్రున చింపింది, గాయం మీద మడిచిపెట్టి బిగిచ్చి కట్టింది, చెయ్యి పైకి లేపి పట్టుకున్నది. బాపు మొకం తెల్లగయితుంటె, "కండ్లు ముయ్యకు చిన్నబాపూ! నా దిక్కు చూడు! నిన్న నన్ను ఎందుకు తిట్టినవ్, చెప్పు!" అని గద్దిచ్చింది. అంత నొప్పిల సుత బాపుకు నవ్వొచ్చింది. అమ్మ ఏడుస్తుంటె, "చిన్నమ్మా, ఏడుసుడు తర్వాత. రిక్షా పిలువు" అన్నది. పావుగంటల మానుకోట పోయే రైలుల ఎక్కిచ్చింది. మహబూబాబాదును మేమంతా మానుకోట అనే అంటం.

దవాఖానల డాక్టరమ్మ కట్టు ఇప్పి చూసింది. "ఈ కట్టు ఎవరు కట్టిన్రు?"

"నేనే మేడం. తప్పయిందా?" అన్నది లాల్బీ.

"తప్పు కాదు. గిట్ల కట్టకపోతె నెత్తురు ఇంకా చానా పోయేది. ఎక్కడ నేర్సుకున్నవ్?"

"ఎక్కడా లేదు. నెత్తురు పోతున్నది, ఆపాలె. గంతే గదా."

కుట్లు ఏసుడు అయ్యేదాక లాల్బీ అక్కడనే నిలవడి, సూది ఎట్ల పోతున్నది, దారం ఎట్ల ముడేస్తున్నరు అని కండ్లార్పకుండ చూసింది. నేను బయట వేపచెట్టు కింద తల మోకాళ్లల్ల పెట్టుకొని కూసున్న.

రైల్ల వాపసు వస్తుంటె బాపు కిటికీకి ఆనుకొని కునుకు తీస్తున్నడు. నేను మెల్లగ ఏడుస్తున్న. "నేను దేనికీ పనికిరాను లాల్బీ. నన్ను నర్సుకు పంపితె రోగికంటె ముందు నేనే పడిపోత."

లాల్బీ పల్లీలు ఒలుసుకుంట, "అవ్, పడిపోతవ్. నువ్వు నర్సువు కావు" అన్నది. నాకు ఏడుపు ఇంకా ఎక్కువయింది. అది నా ఒళ్లె పల్లీలు పోసి, "చిన్నబాపుకు అక్షరాలు నేర్పింది ఎవరు?" అని అడిగింది.

అది నిజమే. ఏ పరుపు ఎవరిదో గుర్తుండనీకె బాపు బొగ్గుతోని బొమ్మలు గీసుకునేటోడు. చెట్టు బొమ్మంటె ఫలానాయన, బండి బొమ్మంటె ఫలానామె. తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు బాపుకు అక్షరాలు నేర్పుతనని మొదలు లాల్బీనే కూసున్నది. రెండోనాటికే, "గింత చెప్పినా అర్థం కాకుంటె ఎట్ల!" అని సుద్దముక్క ఇసిరికొట్టింది. తర్వాత నేను కూసున్న. అక్షరాలు వదిలేసి, పరుపులు ఇచ్చినోళ్ల పేర్ల తోని మొదలువెట్టిన. లింగయ్యల "లి", రాజమ్మల "రా". బాపు మర్సిపోతె మళ్ల, మళ్ల మర్సిపోతె ఇంకో తీరు. ఏడాది పట్టింది. ఆఖరికి బాపు తన సంతకం తను చేసిండు, బస్సు బోర్డు సదివిండు. నాకు అది పని అనిపియ్యలేదు. దాన్ని ఎవరికన్న చెప్పుకోవాలని సుత తట్టలేదు.

"సూడు జానూ," అన్నది లాల్బీ, "నాకు ఇయ్యాల మొదలైన పని ఇయ్యాలనే అయిపోవాలె. మనిషి వచ్చిండు, కట్టు కట్టిన, పోయిండు. రేపు ఇంకొకడు. నీకట్ల కాదు. ఒక్కటే మనిషిని ఏడాది పట్టుకొని కూసున్నా నీకు బాధ లేదు. సారు తారుమారు చేసిండు."

"మరి నీ గొంతు?"

"గొంతు ఉంటె టీచరా? గట్లయితె మన రైల్వే గేటు కాడ చాయ్ అమ్మేటాయనను హెడ్మాస్టర్ చెయ్యాలె."

ఏడ్సుకుంటనే నవ్విన. బాపు కండ్లు మూసుకొనే, "నాకు అన్నీ వినవడ్తున్నయి" అన్నడు.

ఇంటికి చేరినంక బాపు గోడకు ఆనుకొని కూసోని, "సారుకు మాటిచ్చిన. ఆయన నాకంటె సదువుకున్నోడు. మీరు చిన్న పిల్లలు. ఇయ్యాల ఒకటంటరు, రేపు ఇంకొకటంటరు" అన్నడు. అవ్వ మమ్మల్ని ఇద్దర్నీ దగ్గరికి పిలిచి ముంగట కూసోపెట్టుకున్నది. "మీకు ఏం వస్తది అని అడగ. అడిగితె అందరూ వచ్చనే చెప్తరు. దేంతోటి యాష్టకొస్తరో, ఏం చేస్తె ఇసుగు పుడ్తదో అది చెప్పున్రి" అన్నది.

లాల్బీ వెంటనే, "చెప్పిందే చెప్పాలంటె నాకు యాష్ట అవ్వా. ఒక్క తీరుగ ఒక్క జాగల కూసోవాలన్నా యాష్టే" అన్నది. తర్వాత నా వంతు. "ఆగమాగం ఉంటె నాకు శాతకాదు. ఎవరన్న నొప్పితోని అరుస్తుంటె నా బుద్ధి పనిచెయ్యది. రోజూ కొత్త మొకాలంటె సుత బుగులు. అవే మొకాలు రోజూ చూడాలె, పొద్దుమీకి ఇంటికి రావాలె, నాకు గంతే" అన్న. నా నోట్లకెల్లి అన్ని మాటలు ఒక్కసారి వచ్చుడు మా ఇంట్ల అదే మొదలు.

అవ్వ బాపు దిక్కు తిరిగి, "విన్నవా? ముప్పై ఏండ్లు చెయ్యాల్సింది ఈ పిల్లలు. సారు కాదు" అన్నది.

తెల్లారి బాపు చెయ్యి మెడల ఏలాడేసుకొని సారు ఇంటికి పోయిండు. మేమిద్దరం ఎనుక. సారు అంతా విన్నడు. "ఇన్నేండ్ల సంది పిల్లల్ని చూస్తున్న అనుకున్న. మార్కులు, గొంతులు చూసినట్టున్న" అని తనే నవ్విండు. నర్సు ఫారం ఇంకోటి మానుకోట దవాఖానల దొరికింది. టీచరు ఫారం మాత్రం జనగామల ఒక ఆఫీసుల ఇస్తున్నరు, అక్కడనే నింపి ఇచ్చి రావాలె. గడువు తెల్లారినాటితోనే అయిపోతది.

తెల్లారి పొద్దుగాల బాపు, మేమిద్దరం పాసింజర్ ఎక్కినం. అమ్మ రొట్టెలు, పచ్చిపులుసు కట్టిచ్చింది. రైలు స్టేషన్ స్టేషన్‌కూ ఆగుకుంట, ఖాజీపేట కాడ అర్ధగంట నిద్రవోయి, జనగామ చేరేసరికి పొద్దు నెత్తి మీదికొచ్చింది. ఆఫీసు కాడ చాంతాడంత లైను. లాల్బీ మా ఇద్దర్నీ నీడకు కూసోపెట్టి తను లైన్ల నిలవడ్డది. ఫారం తెచ్చి నా వీపు మీద పెట్టి రాస్తుంటె నాకు చెక్కిలిగిలి. "కదలకు! నీ పేరు వంకర వస్తది, నీ బతుకంత వంకర పోతది" అని తిట్టుకుంట రాసింది. అన్నీ అయినయి. తండ్రి సంతకం జాగ వచ్చింది. బాపు కుడిచెయ్యి కట్టుల ఉన్నది. వేలు కదలదు.

కిటికీల ఉన్న గుమాస్తా, "వేలిముద్ర ఏస్తె చాలు" అని సిరా డబ్బీ ముందుకు జరిపిండు.

బాపు ఆ డబ్బీని చూసిండు. నా దిక్కు చూసిండు. "నాకు సంతకం వస్తది సార్" అన్నడు. కలం ఎడమచేతిల పట్టుకున్నడు. నాలుక పంటికింద పెట్టి, ఒక్కొక్క అక్షరం పేరు మెల్లగ నోట్ల అనుకుంట రాయవట్టిండు. ఎనుక లైన్లోళ్లు లొల్లి చేస్తున్నరు. ఒక అక్షరం పైకి పోయింది, ఒకటి కిందికి జారింది, ఆఖరిది గడి దాటి బయటికి పోయింది. గుమాస్తా ఫారం ఎత్తి పట్టుకొని, "సంతకం గిట్ల ఉంటదా ఏందయ్యా?" అన్నడు.

"చెయ్యి గిట్లయింది సార్. పేరు మాత్రం గదే" అన్నడు బాపు.

గుమాస్తా పక్కోనికి చూపిచ్చిండు. ఇద్దరూ నవ్విన్రు. నవ్వుకుంటనే టప్‌మని ముద్ర గుద్దిండు. ఆ సప్పుడు విని లాల్బీ ఎగిరి దుంకింది. స్టేషన్‌కు పోయే తొవ్వల ముగ్గురం చెరుకురసం తాగినం. బాపు ఎడమచేతితోని గిలాస ఎత్తి, "ఇగ సీటు రాకుంటె ఇద్దర్ని విల్లుకు కట్టేసి ఏకుత" అన్నడు.

సీట్లు వచ్చినయి. లాల్బీది మొదటి జాబితలనే, నాది రెండో జాబితల అడుగు నుంచి మూడోది. అంతటితోని అన్నీ పూలబాటలయినయని చెప్తె అబద్ధం. లాల్బీ హాస్టల్‌కెల్లి మొదటి నెలల రాసిన ఉత్తరంల, పుస్తకాల పేర్లన్నీ ఇంగ్లీషుల ఉన్నయనీ, మన మాట వింటె కొందరు పిల్లలు నవ్వుతున్నరనీ రాసింది. రెండో ఉత్తరంల, నవ్వినోళ్లకు సూదులు గుచ్చుడు తనే నేర్పుతున్ననని రాసింది. నాకు మొదటి పోస్టింగు భూపాలపల్లి దిక్కు, మొగుళ్లపల్లి కాడ ఒక చిన్న ఊర్ల వచ్చింది. మొదటినాడు అరవైమంది పిల్లలు ఒక్కసారి అరుస్తుంటె, సారు చెప్పిందే నిజమేమో, లాల్బీనే రావాల్సి ఉండెనేమో అనిపిచ్చింది. గొంతు పెంచి చూసిన. పెరగలేదు. మెల్లగ ఒక కథ మొదలువెట్టిన. ముందు వరుస ఊకున్నది. ఎనుకోళ్లకు వినవడక, వాళ్లే ఒకర్నొకరు "సప్పుడు చెయ్యకున్రి" అని గద్దిచ్చుకున్నరు. ఇగ ముప్పై మూడేండ్లు అదే గొంతుతోని నడిచింది. లాల్బీ భూపాలపల్లిల కొన్నేండ్లు, కొత్తగూడ అడవి ఊర్లల్ల కొన్నేండ్లు, ఆఖరికి మానుకోట దవాఖానల చేసింది. ఎన్ని కాన్పులు చేసిందో దానికే లెక్క లేదు. ఇంటికి పోయినంక ఆ సంగతి తలవను అంటది. నేనేమొ ముప్పై ఏండ్ల కింది పిల్లగాండ్ల ఎక్కాల తప్పులు ఇప్పటికీ తలుసుకుంట.

ఇప్పటి పిల్లలను చూస్తె నాకు ముచ్చటయితది, జర గాబరా సుత అయితది. మాకు రెండే తలుపులు, అవి సుత ఎవరో తీసి చూపెట్టినయి. వీళ్లకు ఫోన్ల వెయ్యి తలుపులు. ఒక్కొక్క దాని ముంగట ఒకరు నిలవడి లోపలికి రా అని పిలుస్తనే ఉంటరు. మార్కులు మాకంటె ఎక్కువ, తెలివి ఎక్కువ, అడిగే ధైర్యం ఎక్కువ. అది మంచిదే. కని ఎవరన్న పిల్ల నా దగ్గరికొచ్చి, "టీచర్, నేను ఏం చదవాలె?" అంటె, నేను ఏ కోర్సు పేరూ చెప్పను. నీతోని రోజూ కూసోని అన్నం తినే దోస్తును ఒక్కసారి తోల్కరమ్మంట. మనకు అలవోకగ వచ్చే పని మనకు గొప్పగ కనవడది. అందరికీ వస్తదిలే అనుకుంటం. పక్కన ఉండి చూసేటోళ్లకే అది కనవడ్తది. నాకు లాల్బీ దొరికింది. దొరకకపోతె నేను ఎక్కడో ఒక దవాఖాన గోడ పట్టుకొని కండ్లు తిరుక్కుంట ముప్పై ఏండ్లు ఎల్లదీసేదాన్ని. ఓపిక ఉన్న పిల్ల అని అప్పుడు సుత అందరూ మెచ్చుకునేటోళ్లే.

బాపు ఒక్కసారి నా బడికొచ్చిండు. అప్పటికి ఊర్లల్ల దూది ఏకే మిషన్లు వచ్చినయి. బాపు విల్లు దించి, కొత్త దూది మెత్తలు సైకిల్‌కు కట్టుకొని ఊరూరు తిరిగి అమ్ముతున్నడు. నేను మూడో తరగతికి మబ్బులు, వాన పాఠం చెప్తున్న. గుమ్మం కాడ బాపు నిలవడ్డడు. పిల్లలందరూ లేసి, "నమస్తే సార్" అన్నరు. బాపు ఎనుకకు తిరిగి చూసుకున్నడు, ఇంకెవరన్న వచ్చిన్రేమో అని. తర్వాత సిగ్గుతోని ఆఖరి వరుసల పిల్లల పక్కన నేల మీద కూసున్నడు. ఒక పిల్ల లేసి, "టీచర్, మబ్బు దూదిలెక్క ఉంటది గదా, మరి మీద పడితె దెబ్బ తాకదా?" అని అడిగింది. నేను నోరు తెరవకముందే బాపు లేసిండు. బయటికి పోయి, ఒక మెత్త కుట్టు ఇప్పి పిడికెడు దూది తెచ్చిండు. దాన్ని గట్టిగ ఒత్తి ఉండ చేసి ఆ పిల్ల చేతిల పెట్టిండు. "గిది ఎంతున్నది బిడ్డా?" "ఇంతే తాతా, రేగుపండంత." బాపు ఆ ఉండను వేళ్లతోని మెల్లగ ఇప్పవట్టిండు. అది పెరిగింది, ఇంకా పెరిగింది, ఆ పిల్ల రెండు చేతులు పట్టనంత అయింది. "దూది గంతే ఉన్నది. నడుమ గాలి వచ్చి కూసున్నది. ఇప్పుడు నెత్తి మీద ఏసుకో, తాకుతదేమో చూడు" అన్నడు. తరగతి మొత్తం కేకలు పెట్టింది. అందరికీ కావాలె. బాపు నలభై మందికీ పిడికెడు పిడికెడు పంచిండు. ఒక పిల్లకు ఉండ ఇప్పరాకుంటె నాలుగుసార్లు దగ్గర కూసోని చూపెట్టిండు. గంట కొట్టింది, ఎవ్వరూ లేవలేదు. నేను బోర్డు కాడ సుద్దముక్క పట్టుకొని నిలవడి మా బాపును చూస్తున్న.

పిల్లలు పోయినంక, అంగి మీది దూది దులుపుకుంట, "రేపు గూడ రావాల్నా బిడ్డా?" అని అడిగిండు.

నేను నవ్విన. తెల్లారి ప్రార్థన గంట కొట్టకముందే, నెత్తికి నూనె పెట్టి దువ్వుకొని, రంజాన్ పండుగకు కుట్టిచ్చిన అంగి తొడుక్కొని, బడి గేటు కాడ నిలవడి ఉన్నడు.